ఏ నెల్లో సూసినావు?

నా పిహెచ్‌డి సిద్ధాంత గ్రంథంలో మూడో అధ్యాయం పేరు ‘అటవీ గ్రామం - ప్రకృతి చిత్రణ’. వైవా రోజున పరీక్షకులుగా వచ్చిన ఆచార్యులు ఆ అధ్యాయాన్నే ఎక్కువగా మెచ్చుకున్నారు. కథల్లోంచి, నవలల్లోంచి ఏరిన వర్ణనలతో పాటు నా సొంత వర్ణన కూడా రెండు పేజీలు అందులో కలిపాను. కొండ వాలులో పది గుడిసెలు, పక్కన రాళ్ళ మీదుగా పారే గెడ్డ, నీళ్ళలో పాదాలు పెట్టి బిందెలు నింపుతున్న ఆడవాళ్ళు, పొగమంచు. ఎక్కడినుంచో ఎత్తి రాసింది కాదు, నేను చూసి రాసిందే. మాది దేవరాపల్లి. మా ఊరి నుంచి పడమటికి చూస్తే కనిపించే కొండల్లోకి వెళ్ళి చూసి వచ్చి రాశాను.

మూడేళ్ళ కిందట దాన్ని పుస్తకంగా వేద్దామనుకొని మాఘమాసంలో ఒక సంతరోజు ఇంటి అరుగు మీద కూర్చుని ప్రూఫులు దిద్దుతున్నాను. కొండమీంచి చీపుర్లు, అడ్డాకులు తెచ్చే ఒకామె నా చిన్నప్పటి నుంచీ సంతకి వెళ్ళేముందు మా ఇంట్లో కాసేపు తట్ట దించుతుంది. అమ్మ టీ ఇస్తుంది, చీపుర్ల ధర దగ్గర ఇద్దరూ కాసేపు కయ్యమాడుకుంటారు. నేను ఆమెను అప్పా అంటాను.

“ఏటి సదూతన్నావు?” అంది.

మీ కొండ గురించే అని ఆ రెండు పేజీలూ చదివి వినిపించాను. శ్రద్ధగానే వింది. టీ తాగి గ్లాసు కడిగి బోర్లించింది.

“బాగుంది గానీ, ఏ నెల్లో సూసినావు?”

“కార్తీకంలో అప్పా, సెలవులకి వచ్చినప్పుడు.”

“అదే మరి. కార్తీకంలో గెడ్డ అలాగే ఉంటాది” అని తట్ట ఎత్తుకుని సంతకి వెళ్ళిపోయింది.

ఆ ప్రూఫులు ఇంకా ప్రెస్సుకు వెళ్ళలేదు. సాహిత్య విమర్శలో మనం ఎవరు రాశారు, ఎవరి గురించి రాశారు, ఏ దృక్కోణం నుంచి రాశారు అని అడగడం నేర్చుకున్నాం. స్త్రీవాదం నేర్పిన ప్రశ్నలవి. ఏ నెలలో చూసి రాశారు అన్న ప్రశ్న నాకు ఏ సిద్ధాంత గ్రంథంలోనూ తగల్లేదు. అప్పటినుంచీ ఇదివరకు చదివిన పుస్తకాలన్నీ ఆ ప్రశ్నతో మళ్ళీ చదువుతున్నాను.

మా ప్రాంతం తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. అనంతగిరి కొండల్లో పుట్టిన శారదా నది దేవరాపల్లి దగ్గర మైదానంలోకి దిగుతుంది. అక్కడే రైవాడ జలాశయం. అందులోని నీళ్ళు విశాఖ నగరం తాగుతుంది. ఆ నీళ్ళు మా పొలాలకే ఇవ్వాలని మా రైతులు ఏళ్ళ తరబడి అడుగుతూనే ఉన్నారు. జలాశయానికి పైన, గెడ్డల వెంట, చిన్న చిన్న ఆదివాసీ పల్లెలు. పినకోట, పెదకోట, జీనబాడు పంచాయతీల్లో చాలా పల్లెలకు సొంత మండల కేంద్రం కన్నా మా దేవరాపల్లే దగ్గర. సంతకైనా, ఆస్పత్రికైనా ఇటే దిగుతారు. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడదీసినప్పుడు మేము అనకాపల్లి జిల్లాలోకి వచ్చాం, కొండ అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి పోయింది. ఇప్పుడు గెడ్డ దాటడమంటే జిల్లా దాటడం కూడా. ఈ మధ్య అదే నీటి మీద, పెదకోట దగ్గరా రైవాడ దగ్గరా, పంప్డ్ స్టోరేజి విద్యుత్ ప్రాజెక్టుల ప్రతిపాదనలు వచ్చాయి. పై పల్లెల వాళ్ళు వద్దంటున్నారు.

మా అడవులు కాంగో, అమెజాన్ తీరాల్లోలా ఏడాది పొడవునా వాన కురిసే కారడవులు కావు. ఎండాకాలం ఆకు రాలుతుంది, గెడ్డలు సన్నబడతాయి. అందుకే ఇక్కడ నెల అన్నది అంత ముఖ్యం. ఒకే గెడ్డ మాఘంలో చీరకుచ్చిళ్ళు ఎత్తి దాటే తోవ. శ్రావణంలో అదే గోడ.

కార్తీకం సంగతి ముందు చూద్దాం. తెలుగువాళ్ళకు అడవిలోని నది అంటే గుర్తొచ్చేది పాపికొండల మధ్య గోదావరి. దాన్ని మనం చూసింది పడవ మీంచే. 1973లో బాపు, ముళ్ళపూడిల ‘అందాల రాముడు’ భద్రాచలం వెళ్ళే లాంచీ మీద నడిచింది. 2006లో శేఖర్ కమ్ముల ‘గోదావరి’ మళ్ళీ అదే దారిలో వెళ్ళింది. రెండోది నాకు ఇష్టమైన సినిమా. సీత పాత్రకి ఒక మనసు, ఒక వృత్తి, తన తిక్క తనకి ఉన్నాయని అప్పట్లో హాస్టల్లో మేమంతా సంబరపడ్డాం. కానీ ఆ సీత గొంతు పడవ వరకే. పడవ వెనక కదిలిపోయే గట్టు మీద ఊళ్ళున్నాయి. అక్కడి స్త్రీకి కూడా మనసు, వృత్తి, తిక్క ఉంటాయని ఆ రోజు నాకూ తోచలేదు. పడవ మీద ఉన్నవాళ్ళకి గట్టు ఒక తెర.

ఇది మన సినిమా వాళ్ళ లోపమే కాదు. సాహిత్యంలో ఈ చూపుకి పెద్ద ఉదాహరణ జోసెఫ్ కాన్రాడ్ 1899లో రాసిన ‘హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్’. కాంగో నది మీద ఆవిరి పడవ, రెండు పక్కలా అడవి, ఒడ్డున ఆభరణాలతో నిలబడి చేతులు పైకెత్తిన ఒక ఆఫ్రికా స్త్రీ. ఆమెకి ఒక్క మాట ఉండదు. యూరప్‌లో కర్ట్జ్ కోసం ఎదురుచూసే తెల్ల స్త్రీకి మాత్రం మాటలున్నాయి. 1975లో చినువా అచెబె తన ఉపన్యాసంలో ఈ తేడాను పట్టి చూపించాడు. ఎం.ఏ.లో మేమంతా ఆ వ్యాసం చదివే ఉంటాం. కానీ అచెబె కూడా ఆమె మౌనం దగ్గర ఆగాడు. పడవ వెళ్ళిపోయాక ఆమె ఆ నదితో ఏం చేస్తుంది? నీళ్ళు తెచ్చుకుంటుందా, చేపలు పడుతుందా, వరద వస్తే ఎటు పోతుంది? ఆ ప్రశ్న మనం వేసుకోవాల్సింది.

నేనూ ఒకసారి పాపికొండల పడవెక్కాను, చదువుకునే రోజుల్లో. పేరంటాలపల్లిలో ఆపారు. ఆశ్రమం, జలపాతం, వెదురు బొమ్మలు అమ్మే కొండరెడ్డి స్త్రీలు. ఒక పూలకుండీ బేరమాడి కొన్నాను. అది ఇప్పటికీ నా బల్ల మీద ఉంది. ‘పేరంటాలు’ అనే మాట కోస్తాలో సహగమనం చేసి దేవతైన స్త్రీకి వాడేది. ఆ ఊరి పేరులోనే ఏదో ఒక ఆడమనిషి చావు ఉందేమో అని ఆ రోజు నాకు తట్టలేదు. ఆ పూలకుండీ అల్లినామె ఆ వెదురు ఎక్కణ్ణించి తెచ్చింది అని కూడా అడగలేదు. పడవ హారన్ కొట్టింది, వచ్చేశాను.

పడవలు వరద కాలంలో నడవవు. నడిపితే ఏమవుతుందో 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర తెలిసింది. అది భాద్రపదం, నది వరదలో ఉంది. పర్యాటకుల బోటు మునిగి 50 మందికి పైగా చనిపోయారు. బతికినవాళ్ళని నాటుపడవలతో ఒడ్డుకు చేర్చింది అక్కడి ఆదివాసీలే. అంతవరకూ ఎవరికీ పట్టని ఆ గట్టు జనం రెండు రోజులు వార్తల్లో ఉన్నారు. వాళ్ళకి భాద్రపదపు నది తెలుసు కాబట్టే ఆ ప్రాణాలు నిలిచాయి. ఆ తెలిసినతనం గురించి ఎవరూ కథ రాసినట్టు నా కంటపడలేదు.

అసలు మన సాహిత్యంలో నది లేక కాదు. శంకరమంచి సత్యం ‘అమరావతి కథలు’ నూరు రాశారు, కృష్ణ ఒడ్డున. వంశీ ‘మా పసలపూడి కథలు’ గోదావరి డెల్టా మీద. నది మైదానంలోకి దిగి, కాలవలై, వరిపొలాల్లోకి వచ్చేసరికి దానికి రచయితలు దొరికారు. పైన, అడవిలో ఉన్నప్పుడు దానికి యాత్రికులే దొరికారు. కింద ఉన్నవాళ్ళకి బడి ముందు వచ్చింది, అచ్చు ముందు వచ్చింది. తేడా అంతే. అందులో నదీ సౌందర్యం ప్రమేయమేమీ లేదు.

ఇక శ్రావణం. వానలు మొదలయ్యాక మా జిల్లా ఎడిషన్లలో ఒక వార్త తప్పకుండా వస్తుంది. గర్భిణిని డోలీలో కిలోమీటర్ల కొద్దీ మోసుకొచ్చారు, వాగు దాటించారు, అంబులెన్సు రోడ్డు దగ్గర ఆగింది, దేవరాపల్లి ఆస్పత్రికి చేర్చారు. పక్కన ఒక ఫోటో. వెదురుకర్రకి కట్టిన దుప్పటి, ఇద్దరు మగవాళ్ళు, మోకాలి లోతు నీళ్ళు. ఈ వార్తలు రాసే విలేకరుల మీద నాకు గౌరవం ఉంది. వాళ్ళు రాయకపోతే ఆ మాత్రం రోడ్డు కూడా పడదు. అయినా ఇన్నేళ్ళుగా వచ్చిన ఆ వార్తల్ని వరసగా పెట్టుకుని ఒక ప్రక్రియలాగా చదివితే కొన్ని సంగతులు కనబడతాయి.

మొదటిది, దుప్పటి. ఫోటోలో అందరూ కనిపిస్తారు, ఎవరి గురించి ఆ వార్తో ఆమె తప్ప. దుప్పటి మడతలో ఆమె ఒక బరువు. రెండోది, క్రియలు. మోశారు, తరలించారు, చేర్చారు, ప్రసవించింది. ఆమెకి మిగిలిన క్రియ చివరిదొక్కటే. ఆమె ఎప్పుడు నొప్పులు గుర్తుపట్టింది, ఎవరికి చెప్పింది, దిగుదామని ఎవరన్నారు, వద్దని ఎవరన్నారు, అంతకుముందు రెండు కాన్పులూ ఇంటి దగ్గరే అయితే ఈసారి ఎందుకు దిగాలనుకుంది, ఇవేవీ ఉండవు. మూడోది, వార్త ఆస్పత్రి గుమ్మం దగ్గర ఆగుతుంది. వారం రోజుల పసిబిడ్డని ఎత్తుకుని ఆమె అదే గెడ్డ దాటి ఎలా ఎక్కింది? ఆ తిరుగు దారి ఫోటో ఒక్కటి కూడా నా కంటపడలేదు. మా అప్పని అడిగితే “ఎలా ఎక్కుతాది, నడుసుకునే” అంది.

డోలీ మాట కూడా చిత్రమైనది. ఒకప్పుడు అది గొప్పవాళ్ళ వాహనం. ఇంగ్లీషు దొరలు, సర్కారు అధికారులు మన్యంలోకి వచ్చినప్పుడు సామాన్లూ మనుషులూ కొండవాళ్ళ భుజాల మీద వెట్టికి ఎక్కేవి. 1922లో అల్లూరి తిరుగుబాటు రాజుకోవడానికి ముందు గూడెం తాలూకాలో రోడ్డు పనుల్లో జరిగిన వెట్టి సంగతి అందరికీ తెలుసు. అదే వెదురుకర్ర, అవే భుజాలు. ఇప్పుడు మోస్తున్నది తమ మనిషినే.

అంటే అడవి ఏటి ఒడ్డు పల్లె మన అక్షరాల్లో రెండు నెలలు మాత్రమే బతుకుతుంది. కార్తీకంలో అందం, శ్రావణంలో జాలి. మొదటిదాంట్లో స్త్రీ బిందె పట్టుకుని నిలబడుతుంది, రెండోదాంట్లో దుప్పట్లో పడుకుంటుంది. నా సిద్ధాంత గ్రంథంలో మొదటిది ‘ప్రకృతి చిత్రణ’, రెండోది ‘సామాజిక సమస్యలు’. రెండు వేర్వేరు అధ్యాయాలు. ఒకే మనిషిని మూడు నెలల తేడాతో చూసి రెండు అధ్యాయాలుగా విడదీశానని అప్ప అడిగేదాకా నాకు తెలియలేదు.

మిగిలిన పది నెలలు ఎవరు రాశారని వెతికితే, ముందు దొరికింది కథకులు కాదు, ఒక మానవశాస్త్రజ్ఞుడు. ఆస్ట్రియా నుంచి వచ్చిన హైమెన్‌డార్ఫ్ రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి జర్మన్ పాస్‌పోర్టు వల్ల నిజాం రాజ్యం దాటి పోలేని స్థితిలో పడ్డాడు. ఆ సమయంలో గోదావరి లోయలో కొండరెడ్ల మధ్య తిరిగి 1945లో ‘ది రెడ్డిస్ ఆఫ్ ది బైసన్ హిల్స్’ ప్రచురించాడు. భార్య బెట్టీ ఆ ప్రయాణాల్లో తోడుంది. ఆ పుస్తకంలో వలస పాలన నాటి చూపు ఉంది, కాదనను. కానీ అందులో ఏడాది ఉంది. ఎప్పుడు పోడు కొడతారు, ఎప్పుడు గింజలు అయిపోతాయి, అయిపోయాక జీలుగు చెట్టు గుజ్జు దంచుకుని ఎలా గడుపుతారు, వెదురు కాంట్రాక్టర్ల దగ్గర అప్పుపడి ఎలా కూలీలవుతారు, ఇవన్నీ వరసలో ఉన్నాయి. వెదురు తెప్పలు గోదావరి మీద రాజమండ్రికి దిగుతుంటే ఆ నది వాళ్ళకి దారి కాదు, అప్పు కిందికి జారిపోయే కాలవ.

ఇక్కడ ఒక వంటసంగతి చెప్పాలి. మా సెమినార్లలో వంట గురించి మాట్లాడితే కొందరు మగ ఆచార్యులకి నవ్వొస్తుంది, ఫరవాలేదు. కొన్ని అడవి దుంపలు చేదు మాత్రమే కాదు, విషం కూడా. తవ్వి, చెక్కు తీసి, పల్చగా తరిగి, బుట్టలో పోసి పారే నీళ్ళలో రాత్రంతా ఉంచాలి. నిలవ నీళ్ళు పనికిరావు. ఏటిలో ఎక్కడ పెట్టాలి, ఎంత వడి ఉండాలి, ఎప్పుడు తియ్యాలి, నాలుక కొసకి తగిలించి ఎలా చూడాలి, ఇదంతా ఆడవాళ్ళ చదువు. మామిడి టెంకల జీడి కూడా అంతే. నానబెట్టి, నీళ్ళు మార్చి, ఎండబెట్టి, దంచి అంబలి కాచుకోవాలి. ఆషాఢం నుంచి కొత్త సామలు, చోళ్ళు వచ్చేదాకా కడుపు నింపేది ఇదే. 2001 వానాకాలంలో ఒడిశా కాశీపూర్‌లో టెంకల అంబలి తాగిన ఆదివాసీలు చనిపోయారు. అవి ఆకలి చావులు కావు, విషాహారం వల్ల పోయారని ప్రభుత్వం వాదించింది. ఆ వాదనలో ఆకలి నెల అన్న మాటే లేదు. ఆ నెల్లో ఆ ఇల్లాలికి ఇంకేం దొరుకుతుందన్న ప్రశ్నా లేదు.

అప్పుడు నది అంటే ఏమిటి? వంటింట్లో ఒక భాగం. చేదు తీసే పాత్ర. నేను వర్ణించిన ‘నీళ్ళలో పాదాలు పెట్టి నిలబడ్డ’ స్త్రీల చేతుల్లో బిందెలతో పాటు బుట్టలు కూడా ఉండే ఉంటాయి. నాకు బిందెలే కనిపించాయి, ఎందుకంటే అప్పటిదాకా చదివిన వర్ణనల్లో బిందెలే ఉన్నాయి.

నవలల్లో ఈ ఏడాది పొడవు గోపీనాథ్ మహంతి దగ్గర కనిపిస్తుంది. ‘అమృత సంతాన్’కి 1955లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. తెలుగులో పురిపండా అప్పలస్వామి అనువాదం ఉంది. మా కొండలకి అవతలి వాలు కోరాపుట్టే కాబట్టి ఆ కోదుల జీవితం మాకు పరాయిది కాదు. అందులో పుయు బాలింతగా ఉన్నప్పుడు భర్త దివుడు మనసు వేరే స్త్రీ మీదికి పోతుంది. చివరికి పుయు బిడ్డనెత్తుకుని ఆ ఇల్లు విడిచి నడిచిపోతుంది. ఇబ్సన్ నోరా తలుపు మూసి వెళ్ళడం గురించి మనం ఎన్ని వ్యాసాలు రాశామో! పుయు గురించి తెలుగు స్త్రీవాద విమర్శలో ఎన్ని వచ్చాయి? నేనూ రాయలేదు. నోరా వెనక తలుపు ఉంది. పుయు ముందు కొండ ఉంది, చంకలో పసిబిడ్డ ఉంది. మహంతి అధికారిగా ఆ ప్రాంతానికి వెళ్ళిన మనిషి, ఆ దూరం ఆయన రచనలో ఉంది. అయినా పుయు అలసట ఆయనకు తెలుసు. ‘పరజా’లోనూ అంతే, జిలీ, బిలీల్ని కథ కోసం వాడుకోలేదు. వాళ్ళ ఆకలినీ సరదానీ పక్కపక్కనే ఉంచాడు.

మన ఉత్తరాంధ్రలో శ్రీకాకుళ పోరాటం తర్వాత భూషణం ‘కొండగాలి’, అట్టాడ అప్పల్నాయుడు ‘పోడు పోరు’ లాంటి రచనలు అప్పునీ, భూమినీ, అటవీ శాఖనీ తెలుగు కథలోకి తెచ్చాయి. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ తెచ్చిన మహాశ్వేతాదేవి ‘ఎవరిదీ అడవి?’ చదివి ఒక తరం కదిలింది. ఆ ఋణం నాకూ ఉంది. అయితే ఆ తరహా కథలు చాలా చదివాక నాకు కలిగే అసంతృప్తి ఒకటుంది. మీటింగు జరిగే రాత్రి ఆ ఇంట్లో అంబలి కాగి ఉంటుంది, నీళ్ళు వచ్చి ఉంటాయి. ఎప్పుడు ఎవరు తెచ్చారో కథకి అక్కర్లేదు. స్త్రీ అన్యాయానికి గురైతే కథ మొదలవుతుంది, ఆమె కొడవలి ఎత్తితే ముగుస్తుంది. మధ్యలో ఉన్న నెలలు ఖాళీ.

ఆ ఖాళీని లోపలి నుంచి నింపిన పుస్తకం నాకు మలయాళం నుంచి దొరికింది. నిజంగానే వానకారు అడవి ప్రాంతమైన వయనాడులో పుట్టిన సి.కె. జాను తన జీవితాన్ని చెబితే భాస్కరన్ రాసుకున్నాడు. 2004లో ‘మదర్ ఫారెస్ట్’గా ఇంగ్లీషులోకి వచ్చింది. అప్పటికి ముత్తంగ కాల్పులు జరిగి ఏడాది. రాసింది మగవాడు కాబట్టి ఆ గొంతు పూర్తిగా ఆమెదేనా అని అనుమానించే హక్కు మనకుంది. కానీ చదువుతుంటే తేడా తెలుస్తుంది. అందులో అడవిని ఎవరూ చూడటం లేదు. అందులో ఉన్నారు, పని చేస్తున్నారు, ఆకలేస్తోంది, వాన పడుతోంది. వర్ణన అని విడదీసి మార్కులు వేయడానికి పేరా దొరకదు. నా సిద్ధాంత గ్రంథంలో ‘ప్రకృతి చిత్రణ’ కింద ఉదహరించడానికి ఆ పుస్తకంలో ఏమీ దొరకలేదని అప్పట్లో పక్కన పెట్టాను. ఇప్పుడు ఆ మాట రాయడానికి సిగ్గుగా ఉంది.

ఇదంతా పుస్తకాల గొడవే అయితే ఇంత రాయక్కర్లేదు. 2021 జూన్‌లో పోలవరం దగ్గర గోదావరిని స్పిల్‌వే మీదుగా మళ్ళించారు. కాఫర్ డ్యామ్ వెనక నీళ్ళు నిలబడి దేవీపట్నం మండలంలో ఊళ్ళు ఖాళీ అయ్యాయి. మొత్తం ప్రాజెక్టు కింద కదలాల్సిన కుటుంబాలు లక్షకు పైనే. అదే ఏడాది నవంబర్లో, కార్తీకంలో, పాపికొండల బోట్లు మళ్ళీ మొదలయ్యాయి. ముంపు మీద వచ్చిన కవిత్వం చాలా చదివాను. ఎక్కువగా అది పాపికొండల అందం పోతుందన్న దుఃఖం. మునిగేది మళ్ళీ కార్తీకమే. ఎండాకాలంలో నీరు తగ్గాక ఇసుకలో తవ్వుకున్న చెలమ మునగదు, టెంకలు నానబెట్టిన రేవు మునగదు, ఎందుకంటే అవి కవిత్వంలోకి ఎప్పుడూ రాలేదు. రానివాటికి నష్టం కూడా ఉండదు కదా.

ఈ విషయంలో చట్టం మన సాహిత్యం కన్నా ఒక అడుగు ముందుంది. 2013 భూసేకరణ చట్టం ప్రభావిత కుటుంబం అనే నిర్వచనంలో అటవీ ఫలసాయం ఏరుకునేవాళ్ళనీ, చేపలు పట్టేవాళ్ళనీ, పడవవాళ్ళనీ చేర్చింది. వితంతువుల్నీ, విడాకులు పొందినవాళ్ళనీ, కుటుంబం వదిలేసిన స్త్రీలనీ విడి కుటుంబాలుగా లెక్కించమంది. అమలు ఎలా ఉందన్నది వేరే సంగతి. అది రాయాల్సినవాళ్ళు నాకన్నా బాగా రాస్తున్నారు. నా గొడవ నా శాస్త్రంతోనే. గుమాస్తా నింపే ఫారంలో ఏరుకునే స్త్రీకి ఒక గడి ఉంది. నా అధ్యాయంలో లేదు. కాలనీలో కుళాయి ఇచ్చాం కదా అన్నప్పుడు ఆమె ఏం పోగొట్టుకుందో చెప్పడానికి మన దగ్గర ఒక్క మంచి కథ ఉండి ఉంటే, ఆ కుళాయి నీళ్ళలో దుంప చేదు పోదని ఎవరికో ఒకరికి తెలిసేది.

అందుకని మూడో అధ్యాయం విప్పి మళ్ళీ రాయడం మొదలుపెట్టాను. ఈసారి నెలల వారీగా. ప్రతి రచన పక్కనా అది ఏ నెలలో నడుస్తుందో గుర్తు పెట్టుకుంటూ పోయాను. కొన్నిటికి నెలే లేదు. ఎప్పుడూ ఉదయం, ఎప్పుడూ పొగమంచు. ఈ పద్ధతిలో ఒక ప్రమాదమూ ఉంది. ప్రతి కథనీ పంచాంగంతో కొలిస్తే అది విమర్శ కాదు, తనిఖీ అవుతుందని నా మిత్రురాలు హెచ్చరించింది. కావచ్చు. చలం ‘మైదానం’లో రాజేశ్వరికి ఏరు స్వేచ్ఛ. ఆ ఏరుని ఏ నెల అని అడిగితే మూర్ఖత్వమే. కానీ రాజేశ్వరి అక్కడికి ఇల్లు విడిచి వెళ్ళింది, అక్కడ పుట్టలేదు. పుట్టినవాళ్ళ గురించి రాస్తున్నామని చెప్పుకునే రచనల్నే నేను అడుగుతున్నాను.

మొన్న ఆషాఢం మొదట్లో అప్ప వచ్చినప్పుడు శ్రావణం పేజీలు చదివి వినిపించాను. ఆమె చెప్పిన వివరాలతోనే రాసినవి. డోలీ, దుప్పటి, గెడ్డ, వెనక ఏడుస్తూ నడిచే ఆడవాళ్ళు. అక్కడ ఆపమంది.

“ఎనకాల ఎందుకుంటారు? ముందర ఒకర్తి కత్తి పట్టుకుని నడుస్తాది. కొమ్మలు కొట్టాలి గదా. లోతు సూడాలి. అదే లేకపోతే డోలీ ఎలగొస్తాది?”

“ఎవరు నడుస్తారు అప్పా?”

“ఎవులికి గెడ్డ తెలిస్తే ఆల్లు. మొన్న నానే నడిసినాను.”

ఇన్నేళ్ళ ఫోటోల్లో ఆ ముందు నడిచిన మనిషి ఎందుకు లేదో అప్పుడు అర్థమైంది. ఫోటో తీసేది రోడ్డు దగ్గర, ఎదురుగా వస్తుంటే. అప్పటికి కొమ్మలు కొట్టే పని అయిపోయి ఆమె పక్కకి తప్పుకుని ఉంటుంది. మొదటి నుంచి చివరిదాకా చెప్పు అప్పా, రాసుకుంటాను అన్నాను. ఆకాశం చూసి, సంత ఎత్తేస్తారు, మళ్ళీ వారం చెబుతానని తట్ట ఎత్తుకుంది. అమ్మ చీపుర్ల డబ్బులు ఇస్తూ ఎప్పటిలాగే రెండు రూపాయలు తగ్గించబోయింది. నేను ఊరుకోమన్నాను.

తర్వాత రెండు వారాలూ వానలే. ఆమె సంతకి దిగలేదు.